అంకె కింద అల

బలిగే,
ఫిబ్రవరి 1995

బావ సహాలాకు,

నువ్వెక్కడ ఉన్నావు?

ఈ ప్రశ్న నాది కాదు. తోటలో చెట్ల చాటున నక్కిన ఆదామును దేవుడు అడిగిన మొట్టమొదటి ప్రశ్న. వాడెక్కడున్నాడో దేవుడికి తెలియక అడగలేదు. వాడికి తెలుసో లేదోనని అడిగాడు. నీ చిరునామా నాకూ తెలుసు. సురబాయాలో ఓడల యార్డు వెనక సందు, పచ్చ తలుపు, రెండు గదులు. అయినా అడుగుతున్నాను.

నా చెల్లెలు తియర్మాను మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం, విందు బంతి ఇంకా లేవకముందే, నువ్వు సంచీ భుజాన వేసుకుని మేదాన్ బస్సెక్కావు. నీ వంతు మాంసం ఆకులోనే ఉండిపోయింది. ముసలాళ్ళు ఆ ఆకు వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. "మీ బావకి ఆకలి లేదా, మర్యాద లేదా?" అని మన ఊరి పెద్ద తుంపల్ నలుగురిలో అడిగాడు.

"ఆఫీసు వాళ్ళు పిలిచారు. సోమవారం నుంచి కంప్యూటర్ మీద డ్రాయింగ్ నేర్పుతారట, మొదటి రోజే లేకపోతే పేరు కొట్టేస్తారట" అన్నాను.

"పోయిన పెళ్ళాం ఆగుతుంది, వచ్చిన యంత్రం ఆగదు, అంతేగా" అన్నాడు.

శుక్రవారం సంతలో వాక్యం చెబుతూ గొంతు చించుకునేవాణ్ణి, ఆ పూట తల వంచుకుని నీ ఆకు మడిచాను.

ఆకు సంగతి పోనీ. గుడ్డ సంగతి చెప్పు. తియర్మా శవపెట్టె మూసేముందు నా చేతులతో నీ తల మీద కప్పిన ఉలోస్, ఆ దుఃఖపు గుడ్డ, నీ సంచీలోనే వెళ్ళిపోయింది. కప్పిన చేతులే దాన్ని తీయాలి. పొద్దున్నే గిన్నెలో నీళ్ళు పెట్టి, నీ ముఖం కడిగి, గుడ్డ తీసి, ఇక నీ కళ్ళకు వెలుగు రానీ అని నేను అనాలి. భార్య అన్నదమ్ములకు తప్ప ఆ పని ఇంకెవరికీ లేదు. నీ అంతట నువ్వు తీసేసుకుంటే అది తీసినట్టు కాదు. అది జరిగేదాకా నువ్వు చావింట్లోనే కూర్చున్నట్టు లెక్క.

మా ఆవిడ లస్మా నా భుజం మీదుగా చూస్తూ, "ముందు అన్నం తింటున్నాడో లేదో అడుగు, ఆదాము సంగతి తర్వాత" అంటోంది. తింటున్నావా?

నీ బావ,
బోనర్ సియాహాన్

~

సురబాయా,
మార్చి 1995

బావకు, లస్మా అక్కయ్యకు,

హోరాస్, మీ ఇద్దరికీ. నేను ఇక్కడే ఉన్నాను. తింటున్నాను.

వచ్చిన తీరు తప్పే. దాని గురించి ఇంకేమీ రాయలేను. గుడ్డ నా దగ్గర భద్రంగా ఉంది.

మా డ్రాయింగ్ గది నువ్వు చూసిన గది కాదిప్పుడు. బల్లలన్నీ తీసేశారు. నా బల్ల ఒక్కటి గోడకు చేర్చి ఉంచారు. ఏళ్ళ తరబడి మోచేయి ఆన్చిన చోట దానికి గుంట పడింది, కొనేవాళ్ళు లేరట. బల్లలున్న చోట ఇప్పుడు టీవీల్లాంటి పెట్టెలు. తెర నల్లగా ఉంటుంది. తెల్ల కాగితం మీద నల్ల గీత గీసి ఇన్నాళ్ళు బతికాను. ఇప్పుడు చీకట్లో సన్నటి పచ్చ దారాలు లాగుతున్నాను.

నేర్పే ఆవిడ పేరు రతిహ్. జావా ఆవిడ, నలభై దాటి ఉంటాయి. మొదటి రోజు మౌస్ పట్టుకున్నాను. అది చేత్తో తోసే చిన్న డబ్బా, దాన్ని తోస్తే తెర మీద గుర్తు కదులుతుంది.

"పెద్దాయనా, అది పారిపోయే కోడి కాదు. కాస్త వదులుగా పట్టుకోండి" అంది.

"వదులుగానే పట్టుకున్నానమ్మా."

"అంత కోపం దేనికండీ?"

"కోపం కాదు. మా కొండల బతక్ వాళ్ళ గొంతే ఇంత."

"మరి మీ కోపం ఎలా ఉంటుంది?"

"మా బావ వాక్యం చెబుతుంటే వినాలి మీరు" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత నా మాటకు ఎవరైనా నవ్వడం.

మా ఆఫీసు పెద్ద హార్యోనో గారు నెమ్మదిగా, తల వంచి మాట్లాడే మనిషి. చెప్పింది మాత్రం సూటిగానే చెప్పారు. ఏడాది ముగిసేలోగా ఎవరికి వాళ్ళు ఒక పూర్తి షీటు కంప్యూటర్ మీద సొంతంగా గీయాలి. గీసినవాళ్ళకు కుర్చీ. గీయలేనివాళ్ళకు ముందస్తు విశ్రాంతి. ఆయన ఆ మాటను ఎంతో గౌరవంగా అన్నారు. విశ్రాంతి అంటే నాకు ఈ రెండు గదులు, బావా. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే చోటు ఆ ఆఫీసు ఒక్కటే.

నువ్వు డ్రాయింగు పనంటే ఏమిటని ఎప్పుడూ అడుగుతావు కదా, ఒక చిన్న సంగతి చెబుతాను. కాగితం మీద గీశాక కొలత మారితే మేం బొమ్మంతా మళ్ళీ గీయం. బ్లేడుతో పాత అంకె గీకేసి కొత్త అంకె రాస్తాం. దాని కింద చిన్న అల గీస్తాం, నీటి మీది అలలాగే. గీతను పట్టించుకోకు, అంకెను నమ్ము అని దానికి అర్థం. యార్డులో ఇనుము కోసేవాడి నుంచి ఫోర్‌మన్ దాకా అందరికీ తెలుసు. మా షీట్ల మీద అంకే రాజు.

నా గురించి బెంగపడకండి. గురువారాలు మన చర్చి బృందంలో పాడుతున్నాను. ఆదివారాలు మనవాళ్ళ ఇళ్ళల్లో భోజనం.

సహాలా

~

బలిగే,
ఏప్రిల్ 1995

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి సంతలో చదివాను.

నవ్వకు. శుక్రవారం చేపల బుట్ట బోర్లించి ఎక్కాను. మా బావ ఓడలు గీస్తాడు, అతని కాగితం మీద గీత ఒకటి చెబుతుంది, అంకె ఒకటి చెబుతుంది, దేన్ని నమ్మాలి అని అడిగాను. బేరాలు ఆపి అందరూ ఇటు తిరిగారు. అప్పుడు చెప్పాను. మనిషి బతుకు వంకరపోయిన గీత. దావీదంతటివాడి గీతే వంకరపోయింది. దేవుడు దాని పక్కన ఒక అంకె రాసి, కింద అల గీశాడు. ఆ అల పేరు కృప. రాసినది నిలుస్తుంది, గీసినది పోతుంది అన్నాను. ఎండు చేపలమ్మే ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

వెనక నుంచి పడవల సరంగు ఒకడు అరిచాడు, "ఒరేయ్ బోనర్, నా ఇంజను ఆదివారానికి బాగుచేసి ఇస్తానని నువ్వూ రాసిచ్చావు. ఏ సంవత్సరం ఆదివారమో రాయలేదు." సంతంతా నవ్వింది. సువార్త చెప్పేవాడికి ఇంజన్ల పని ఉండకూడదు.

నీ యంత్రం సంగతికి వస్తాను. అహరోను బంగారం కరిగించి దూడ చేసినట్టు, మీవాళ్ళు మనిషి చేయి కరిగించి పెట్టె చేశారు. నోవహుకు ఓడ కొలతలు మాటగా వచ్చాయి, తెరగా రాలేదు. భయపడకు. నువ్వు నేర్చుకున్నదాన్ని వదలకు. ఆ పెట్టె నిన్ను బెదిరిస్తే నీ అంకె నువ్వు రాసెయ్యి. రాసినదాన్ని అది మాత్రం ఏం చేస్తుంది?

జూన్‌లో రా. నీళ్ళగిన్నె సిద్ధంగా పెడతాను.

బోనర్

~

సురబాయా,
జూన్ చివర, 1995

బావా,

జూన్‌లో రాలేకపోయాను. సెలవు అడగలేదు. అడిగితే ఇచ్చేవారేమో.

ఒకరోజు ఓడ పోయింది. నిజంగానే. బోల్టు తల గీద్దామని బొమ్మను దగ్గరకు లాక్కున్నాను, ఇంకా దగ్గరకు లాక్కున్నాను, ఆ తర్వాత తెర మొత్తం నలుపు. బోల్టు లేదు, ఓడ లేదు. ఎటు తోసినా చీకటే. కాగితానికి నాకెప్పుడూ అంచు దొరికేది, వేలితో తడిమితే తెలిసేది. దీనికి అంచు లేదు. ఎవరినీ పిలవలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాను. పని చేస్తున్నట్టే కనిపించి ఉంటాను.

రతిహ్ గారు వెనక నుంచి వచ్చి, "ఎక్కడున్నారు పెద్దాయనా?" అంది.

నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. "తెలియదమ్మా" అన్నాను.

ఆవిడ నా చేతి పక్క నుంచి చేయి చాచి ఏదో మీట నొక్కింది. ఓడంతా ఒక్కసారి చిన్న చేపలా తెర మధ్యకు వచ్చేసింది. "తప్పిపోయినప్పుడు వెతక్కూడదు. మొత్తం చూపించమని అడగాలి. వెతికేకొద్దీ ఇంకా దూరం పోతారు" అంది.

ఇంకో కష్టం, ఇక్కడ స్కేలు లేదు. ఓడను ఓడంతగానే గీయాలి. నా బుర్ర మాత్రం పాత అలవాటు కొద్దీ అన్నిటినీ యాభైతో భాగిస్తూనే ఉంది. మొదటివారం నేను గీసిన నిచ్చెన చూసి ఆవిడ, "ఇది చీమల ఓడా పెద్దాయనా?" అని అడిగింది.

మరీ చేతకానివాణ్ణి కానులే. మెట్ల వరుస గీశాను. హార్యోనో గారు చూసి తల ఊపారు. నా సొంత షీటుగా మదురా దీవికి తిరిగే ఫెర్రీలో సిబ్బంది గదుల గోడలు ఇచ్చారు. ఇది గీస్తే నా కుర్చీ నాదే.

కాగితం రోజుల్లో నా చొక్కా చేతి అంచుకు రోజూ ఇంకు మరక ఉండేది. తియర్మా నిమ్మచెక్కతో రుద్దేది, తిడుతూ రుద్దేది. ఇప్పుడు చొక్కాకు ఏమీ అంటదు. శుభ్రంగా వెళ్ళి శుభ్రంగా వస్తున్నాను.

పాటల బృందం బాగా నడుస్తోంది. నాది అట్టడుగు గొంతు.

సహాలా

~

బలిగే,
ఆగస్టు 1995

బావా,

మెట్లు గీశావని చదివి లస్మా వీధంతా చెప్పింది. యాకోబు కలలో చూసిన నిచ్చెన తర్వాత ఇంత పేరొచ్చిన మెట్లు నీవే.

నీతో ఒక పోట్లాట ఉంది. పిల్లలు లేని ఇల్లు, చెల్లి పోయిన ఇల్లు, ఆ ఇంట్లో నువ్వు ఒక్కడివే ఏం చేస్తుంటావని లస్మా అడుగుతోంది. పాడుతున్నాడు, మనవాళ్ళ మధ్య తింటున్నాడు అని నీ ఉత్తరం చూపించాను. "సరే" అంది. ఆవిడ సరే అన్నప్పుడల్లా నాకు భయం.

లారీ తోలే మన తోగర్ మేదాన్ నుంచి సరుకుతో సురబాయా వస్తున్నాడు. అతని చేతికి ఒక మూట పంపుతున్నాను. సరస్సు చేప పసుపు ముద్దలో వండి ఎండబెట్టింది, నాలుక తిమ్మిరెక్కించే మన కొండ మిరియం, లస్మా వేయించిన వేరుశనగలు. గురువారం పాట సాధన వేళకు చర్చి దగ్గర నీ చేతిలో పెట్టమన్నాను. నీ గొంతు కూడా విని రమ్మన్నాను.

గుడ్డను ఎండలో వేస్తూ ఉండు. పురుగు పడుతుంది.

బోనర్

~

సురబాయా, సెప్టెంబరు 1995

ప్రియమైన బావకు,

నేను బాగున్నాను. పని బాగుంది. ఈ ఉత్తరం ఆఫీసు కంప్యూటర్ మీద తయారుచేసి ప్రింటర్ మీద తీశాను. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, లస్మా అక్కయ్య కళ్ళకు శ్రమ ఉండదు.

పని ఒత్తిడి వల్ల ఇకపై ఉత్తరాలు ఆలస్యం కావచ్చు. మూటలు పంపవద్దు. డిసెంబరులో వచ్చే వీలు లేదు.

అందరికీ నా నమస్కారాలు.

సహాలా తంపుబోలోన్

~

బలిగే,
సెప్టెంబరు చివర, 1995

సహాలా,

బావా అని రాయబోయి ఆగాను. ఈ ఉత్తరం ఎవరికి రాస్తున్నానో నాకు తెలియదు. నాకు వచ్చినది మా బావ రాసినది కాదు. మా బావ అక్షరాలు స్తంభాల్లా నిటారుగా నిలబడతాయి, ఆరేళ్ళ పిల్లవాడైనా వేలు పెట్టి చదవగలడు. నువ్వు పంపిన కాగితంలో అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే నలుపు. ఏడ్చేవాడు తీసినా అలాగే వస్తుంది, నవ్వేవాడు తీసినా అలాగే వస్తుంది. ఆదాము ఆకులు కుట్టుకున్నాడు. నువ్వు ఈ అక్షరాలు కుట్టుకున్నావు.

మూట తిరిగొచ్చింది. నా ముందు బల్ల మీద ఉంది. తోగర్ ఇప్పుడే దింపి వెళ్ళాడు.

"గురువారం చర్చికి వెళ్ళాను మామా" అన్నాడు. "పాటల మేష్టారుని అడిగితే, సహాలానా, భార్యకు ఒంట్లో బాగాలేదని ప్రార్థన పెట్టించాడే, ఆ రోజు తర్వాత చూడలేదు, ఊరెళ్ళి అక్కడే ఉండిపోయాడనుకున్నాం అన్నాడు."

"ఇంటికి వెళ్ళలేదా?"

"వెళ్ళాను. పచ్చ తలుపు కొట్టాను. లోపల రేడియో మోగుతోంది. కొట్టగానే రేడియో ఆగింది."

"ఆపైన?"

"ఆపైన ఏముంది మామా. ఆయన లోపల నిలబడ్డాడు, నేను బయట నిలబడ్డాను. చేప వాసన ఆయనకు పట్టకపోదు. తలుపు తీయలేదు."

లస్మా ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను సంతకు పోలేదు. శుక్రవారం నేను బుట్ట ఎక్కకపోవడం, జ్వరం వచ్చినప్పుడు కాక, ఇదే మొదటిసారి.

నువ్వు పాడలేదు. ఎవరింట్లోనూ తినలేదు. నాకు నువ్వు రాసినవన్నీ అంకెలు. గీత ఎక్కడుందో నాకు తెలియదు. నువ్వే చెప్పావు కదా, గీతా అంకే కలవనప్పుడు కింద అల గీస్తామని. కాగితం మీద ఇనుముకు చేసిన మర్యాద నాకు చేయలేకపోయావా? బాగున్నాను అని రాసి, దాని కింద ఒక్క అల గీస్తే నాకు తెలిసేది.

ఇప్పుడు గియ్యి. చేత్తో.

బోనర్

~

సురబాయా,
అక్టోబరు 1995

బావా,

నేను బాగున్నాను.

పై మాట కింద ఏముందో చూడు. బాల్‌పెన్నుతో గీశాను, ఇంకు పెన్ను ఎండిపోయింది. అయినా అల అలలాగే వచ్చింది.

తోగర్ వచ్చిన రోజు చేప వాసన నాకు పట్టింది. తలుపు ఇవతల గడియ మీద చేయి వేసి నిలబడ్డాను. తీస్తే అతను నా పేరు పిలుస్తాడు. పిలిస్తే ఏమవుతానో నాకే తెలియలేదు.

జరిగింది చెబుతాను. గోడల షీటు ఆగస్టులో పూర్తి చేశాను. చక్కగా వచ్చింది. ఆ తర్వాత ఓడ యజమానులు గదుల ఎత్తు కాస్త పెంచమన్నారు. నేను ఏం చేశానంటే, ఎప్పుడూ చేసేదే చేశాను. పాత అంకె మీద గుర్తు పెట్టి కొత్త అంకె కొట్టాను. కంప్యూటర్ ఎదురు చెప్పలేదు, అంకె మార్చింది. కింద అల కూడా గీశాను, మౌస్‌తో అల గీయడం ఎంత కష్టమో నీకు తెలియదు. గీసి మురిసిపోయాను.

మా యార్డులో కొత్తగా ఇనుము కోసే యంత్రం పెట్టారు. దానికి కాగితం పోదు. కంప్యూటర్‌లోంచి బొమ్మ నేరుగా వెళుతుంది. ఆ యంత్రానికి చదవడం రాదు బావా. అంకెలు చూడదు, అల చూడదు. గీత ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకా కోస్తుంది. నా గీతలు పాత ఎత్తులోనే ఉన్నాయి. పలకలన్నీ పొట్టిగా తెగాయి. పెద్దవైతే కత్తిరించుకోవచ్చు. పొట్టి ఇనుమును ఎవరూ సాగదీయలేరు.

నిలబెట్టాక చూస్తే పైకప్పుకూ గోడకూ మధ్య బెత్తెడు సందు. ఫోర్‌మన్ దురాహిమ్ మదురా మనిషి, మన గొంతుకు సాటి వచ్చే గొంతు ఈ ఊళ్ళో అతనొక్కడిదే. డ్రాయింగ్ గది గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా, ఈ సందులోంచి ఎవరు దూరాలి, సిబ్బందా, వాళ్ళ ఎలుకలా?" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు. నేను కూడా నవ్వాను. నవ్వి, లేచి, పాత షీట్లు దాచే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అప్పటి నుంచి అక్కడే ఉంటున్నాను. చుట్టలు దులుపుతాను, సర్దుతాను. పొమ్మని ఎవరూ అనలేదు, రమ్మని మాత్రం ఒకరు అన్నారు.

రతిహ్ గారు ఆ గదికి వచ్చింది. "ఈ తప్పు చిన్నవాళ్ళు చేయలేరు పెద్దాయనా. వాళ్ళకు అల తెలియదు. కాగితం మీద బతికినవాళ్ళే చేయగలరు. అంకెను ముట్టుకోకూడదు, గీతను పట్టుకుని లాగితే అంకె దానంతట అదే మారుతుందని నేను ముందే చెప్పాల్సింది" అంది.

"నాకిక చేతకాదమ్మా."

"చేతకానిది మీకు కాదు, నాకు. మీ కుర్చీ కోసం ఇద్దరు అడిగారు. నా హ్యాండ్‌బ్యాగు పెట్టి కాపలా కాస్తున్నాను. రోజూ బ్యాగు అక్కడ, నేను ఇక్కడ. బస్సు పాసు కావాలంటే లేచి వెళ్ళాలి. ఎన్నాళ్ళు?"

నేను ఇంకో చుట్ట తీసి దులిపాను. హార్యోనో గారు విశ్రాంతి కాగితం తెచ్చి పాత షీట్ల మీద పెట్టి వెళ్ళారు. తొందర లేదన్నారు. సంతకం పెట్టినా సరే, కుర్చీలో కూర్చుని ఆ గోడలు మళ్ళీ గీసినా సరే, నెలాఖరుకల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. పెన్ను కూడా ఆయనదే వదిలి వెళ్ళారు.

ఆ నల్ల తెర అంటే నాకు భయం లేదు బావా. నేను రోజూ ఇంటికి వచ్చి చూసేదీ అదే కదా. లైటు వేయను. తియర్మా ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని గుడ్డ తల మీద కప్పుకుంటాను. దాని కింద నీ ఇంటి పొగ వాసన ఇంకా ఉంది. పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు తీసి మడత పెడతాను. నువ్వన్నట్టు, అది తీసినట్టు కాదు.

మొదటి ఉత్తరంలో మేదాన్ బస్సు సంగతి రాశావు కదా. ఆఫీసు కోసం వెళ్ళలేదు. తెల్లారేదాకా ఉంటే నువ్వు నా ముఖం కడిగి గుడ్డ తీసేసేవాడివి. తీసేస్తే తియర్మా పోయినట్టు. అందుకే తలుపు దగ్గర చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పారిపోయాను.

ఇదే గీత. అంకె లేదు.

సహాలా

~

బెలవాన్ రేవు,
అక్టోబరు 1995

బావా,

ఇది రేవు పక్క టీ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే తప్పు బల్లది, దానికి ఒక కాలు పొట్టి. దీన్ని గీసిన డ్రాఫ్ట్స్‌మన్ ఎవరో అంకె కొట్టి వదిలేసి ఉంటాడు.

నీ ఉత్తరం చదివి లస్మాకు ఇచ్చాను. ఆవిడ చదివి, మడిచి, నా వంక చూసింది. "ఏలీయా చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నప్పుడు దేవదూత వాక్యం చెప్పాడా?" అంది.

"లేదు. లేపి రొట్టె పెట్టాడు."

"మరి నువ్వు ఫిబ్రవరి నుంచి వాక్యం పంపావు. రొట్టె లారీకిచ్చావు."

బలిగే సంతలో నాకు ఎదురు తిరిగి మాట్లాడేవాళ్ళు ఉన్నారు. నోరు మూయించిన మనిషి మాత్రం నా ఇంట్లోనే ఉంది.

శుక్రవారం బుట్ట ఎక్కాను. ఏప్రిల్‌లో మీకు తప్పు చెప్పాను అన్నాను. రాసినది నిలుస్తుంది, గీసినది పోతుంది అన్నాను కదా, మా బావ ఓడ మీద అది తేలిపోయింది అన్నాను. అంకె అంటే మనం నోటితో చెప్పేది. గీత అంటే మనం బతికేది. కత్తికి చదవడం రాదు, అది గీత వెంటే పోతుంది. ఆమోసు ప్రవక్తకు దేవుడు చూపించినది గోడ నిటారు చూసే మట్టపుగుండు, అంకెల పట్టీ కాదు. కృప గీతను సరిచేస్తుంది, పక్కన మంచి అంకె రాసి వదిలెయ్యదు అన్నాను. సరంగు మళ్ళీ లేచాడు. "అయితే నా ఇంజనో?" అన్నాడు. దిగి, అందరూ చూస్తుండగా అతని పడవ దగ్గరకు వెళ్ళి, చీకటి పడేలోపు బాగుచేశాను. నా జీవితంలో అంత మంచి ప్రసంగం చేయలేదు.

ప్రయాణమంటే పెద్ద తుంపల్ అడ్డం వచ్చాడు. "పిల్లనిచ్చినవాడు నీళ్ళగిన్నె పట్టుకుని అల్లుడి గడప ఎక్కుతాడా? వాడే రావాలి. పద్ధతి అది" అన్నాడు. నేనూ ఇన్ని నెలలు ఆ పద్ధతి మీదే కూర్చున్నాను బావా. నీకు ఆదాము ప్రశ్న రాసి పంపాను కానీ, ఆ ప్రశ్న అడిగినవాడు పరలోకంలో కూర్చుని ఉత్తరం రాయలేదని చూసుకోలేదు. చల్లపూట తోటలోకి తన కాళ్ళతో నడిచి వచ్చి అడిగాడు. దాక్కున్నవాడు రాలేదు. వెతికినవాడే వచ్చాడు. తుంపల్‌కు ఇది చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఇత్తడి గిన్నె తీసుకెళ్ళు, సత్తుది వద్దు" అన్నాడు. గిన్నె ఆయనదే ఇచ్చాడు.

కాబట్టి వస్తున్నాను. గిన్నె నా ఒళ్ళో ఉంది. సరస్సు నీళ్ళు సీసాలో ఉన్నాయి. లస్మా నా పక్కన కూర్చుని చేప మూట విప్పి మళ్ళీ కడుతోంది, మూడోసారి. ఓడ పొద్దుపోయాక కదులుతుంది. ఈ ఉత్తరం విమానంలో పోతుంది, మేం నీటి మీద వస్తాం. ఇది ముందు చేరుతుంది. అందుకే ఇది చెబుతున్నాను, చెవిపెట్టి విను.

లాజరును పిలిచినప్పుడు ప్రభువు సమాధిలోకి వెళ్ళి చేయి పట్టి లాగలేదు. బయట నిలబడి పేరు పెట్టి పిలిచాడు. లాజరు ముఖం మీద గుడ్డ అలాగే ఉంది. కళ్ళు కనబడవు, కాళ్ళకు కట్లు. ఆ గుడ్డతోనే, ఆ చీకట్లోనే నడిచి వచ్చాడు. గుడ్డ విప్పండి అని పక్కవాళ్ళకు చెప్పింది ఆ తర్వాత. విప్పడం పక్కవాళ్ళ పని. నడవడం లాజరు పని.

నీ గుడ్డ నేను విప్పుతాను. నా చేతులతో, నీ గడప మీద, పొద్దున్నే. అది విప్పినంత మాత్రాన చెల్లి పోదు బావా. పోయేదైతే నా ఇంట్లోంచి కూడా పోయేది. రోజూ లస్మా ఒక పళ్ళెం ఎక్కువ తీసి, మళ్ళీ లోపల పెడుతోంది. మేం ఇద్దరం ఆ పళ్ళెం ముందు తింటున్నాం. నువ్వు ఒక్కడివే తింటున్నావు. తేడా అంతే.

కానీ నేను వచ్చేదాకా ఆగకు. ఓడ ఆలస్యం కావచ్చు, సముద్రానికి నా మాట మీద గౌరవం లేదు. నెలాఖరు మాత్రం ఆగదు. ఆ విశ్రాంతి కాగితం మీద సంతకం పెట్టకు. పెన్ను హార్యోనో గారికి తిరిగి ఇచ్చెయ్యి. తల మీద గుడ్డ ఉన్నా సరే, కళ్ళకు ఏమీ కనబడకపోయినా సరే, షీట్ల గదిలోంచి లేచి బయటికి నడువు. ఆ తల్లి బ్యాగు తీసి ఆవిడ చేతిలో పెట్టు. కూర్చో. ఓడ కనబడకపోతే వెతక్కు, మొత్తం చూపించమని అడుగు. పొట్టిగా తెగిన ఆ గోడ దగ్గరకు వెళ్ళు. అంకెను ముట్టుకోకు. గీతను పట్టుకో, పైకప్పు దాకా లాగు.

రేపు అనకు. నేనొచ్చాక అనకు. ఈ కాగితం నీ చేతిలో ఉండగానే, మడవకముందే, లే సహాలా. ఇవాళే లే.

బోనర్